మాటకి వాక్యం ఏదీ?

ఇప్పటి పిల్లలకి ఇంగ్లీషు రాదని నేను అనను. అలా అంటే కళ్లు పోతాయి. యూకేజీ చదివే మనవరాలు వాళ్ల అమ్మమ్మ మీద ఇంగ్లీషులోనే అలుగుతోంది. మాకు ఆరో తరగతిలో గానీ ఏబీసీడీలు మొదలు కాలేదు. పదో తరగతికి వచ్చినా, ఇంగ్లీషులో మంచినీళ్లడగాలంటే ముందు మనసులో ఒకసారి చిత్తుప్రతి రాసుకునేవాళ్లం. కాబట్టి గడగడా మాట్లాడే విషయంలో ఈ తరానికి ఓ దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంటున్నాను.

నా పేచీ అరుదైన మాటల దగ్గర. పేపరు సంపాదకీయంలోనో, కోర్టు తీర్పులోనో, పాత నవలలోనో తగులుతుంటాయి చూడండి, రోజువారీ వాడుకలో లేనివి, తెలియకపోయినా పొద్దు గడిచిపోయేవి. వాటి దగ్గరికొచ్చేసరికి వీళ్ల తీరు నాకు మింగుడు పడదు. మాట మీద వేలు పెడతారు. అర్థం కనబడుతుంది. "ఓహో" అంటారు. వేలు తీస్తారు. అర్థం పోతుంది. వారం తిరక్కుండా అదే మాట ఎదురైతే మళ్లీ వేలు, మళ్లీ ఓహో. ఆ మాటతో జన్మలో ఒక్క వాక్యం రాయరు. రాశారా, దేవుడా, రాయకపోతేనే బాగుండేదనిపిస్తుంది.

మా రోజుల్లో అర్థం అంత చవగ్గా దొరికేది కాదు. మా ఊళ్లో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉన్నది కరణంగారింట్లో ఒక్కటే. పి. శంకరనారాయణ గారిది, 1897లో మొదట అచ్చయినది. చివరికి ఆయన పేరే పుస్తకం పేరైపోయింది. "శంకరనారాయణ చూశావా?" అంటే మనిషిని చూశావా అని కాదు. ఆ పుస్తకం గడప దాటి బయటికి రాదు. మనమే వెళ్లాలి. కాళ్లూ చేతులూ కడుక్కుని అరుగు మీద కూర్చుంటే కరణంగారు లోపల్నించి తెచ్చి చాప మీద పెట్టేవారు. పేజీ తిప్పడానికి వేలు నాలిక్కి తగిలిందా, పుస్తకం లోపలికి వెళ్లిపోయేది. మనం ఇంటికి వెళ్లిపోయేవాళ్లం.

తీరా మాట దొరికాక అసలు కథ మొదలు. అందులో ఇచ్చిన తెలుగు గ్రాంథికం. ఇంగ్లీషు మాటకి అర్థం కోసం వెళ్లి, ఆ తెలుగు మాట అర్థంకాక బహుజనపల్లి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరం అడిగి తెప్పించుకున్న రోజులున్నాయి. ఒక మాట కోసం బయల్దేరి రెండు భాషల్లో నాలుగు మాటలు మోసుకొచ్చేవాళ్లం. పైగా వెతికే దారిలో ముందున్న మాటా, వెనకున్న మాటా కంటబడేవి. అడక్కుండా వచ్చినవే మనసులో ఎక్కువ కాలం నిలిచాయి. ఫోన్లో ఆ యోగమేదీ? అడిగినదానికి జవాబు చెప్పి తలుపేసుకుంటుంది. పక్కనున్న మాట మొహం కూడా చూడనివ్వదు.

నిఘంటువు అర్థం చెబుతుంది గానీ వాడుక నేర్పదని మా ఇంగ్లీషు మాస్టారి సిద్ధాంతం. ఆయన కొత్త మాట బోర్డు మీద రాసి, అర్థం చెప్పి, "ఏదీ, సొంత వాక్యం" అనేవారు. ఎవడో ఒకడు లేచి "హీ ఈజ్ ఫ్రూగల్" అనేవాడు. సున్నా. ఎందుకు సున్నా? ఆ చోట 'టాల్' పెట్టినా వాక్యం నిలబడుతుంది, 'షార్ట్' పెట్టినా నిలబడుతుంది. మాట తీసేసి ఖాళీ వదిలితే, ఇంకో మాట దూరడానికి వీల్లేని వాక్యం కావాలి ఆయనకి. పొదుపు అన్న సంగతి ఆ ఒక్క మాటలో కాదు, వాక్యమంతా కనబడాలి. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, తమ తాతగారు వచ్చిన కవర్లని విప్పి, తిరగేసి, లోపలి వైపు చాకలి పద్దు రాసేంత ఫ్రూగల్ అని తడబడుతూ చెప్పాడు. వ్యాకరణం కుంటింది. అయినా మాస్టారి మొహం చేటంత అయింది. ఆ మాట ఆ రోజు క్లాసులో ఉన్న ఎవడికీ ఇప్పటికీ మరుపు రాదు.

ఆయనే అనేవారు, మాట నేర్చుకోవడమంటే సంబంధం కుదుర్చుకోవడం అని. పిల్ల పేరు తెలిస్తే సరిపోతుందా? ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎవరితో రాకపోకలు, ఎవరితో మాటల్లేవు, అన్నీ వాకబు చేయాలి. ఇంగ్లీషు మాటలకి ఈ రాకపోకల పట్టింపు మరీ ఎక్కువ. 'ఇంక్లెమెంట్' అంటే బాగాలేనిదని తెలిసింది కదా అని ఇంక్లెమెంట్ కూర, ఇంక్లెమెంట్ రోడ్డు అనడానికి లేదు. ఇవాళ్టి వాడుకలో అది వాతావరణాన్ని దాటి బయటికి రావడం బహు అరుదు. 'అల్టీరియర్' అన్న మాట 'మోటివ్' చెయ్యి పట్టుకోకుండా గుమ్మం దిగదు. 'బేటెడ్' అన్నది 'బ్రెత్'తో తప్ప ఇంకెవరితోనూ కాపురం చెయ్యదు. ఇవన్నీ అర్థం పక్కన రాసి ఉండవు. పదిచోట్ల ఆ మాట తిరగడం చూసి తెలుసుకోవాల్సిందే.

పదిచోట్ల చూడాలంటే చదవాలి. మా శాఖా గ్రంథాలయానికి మద్రాసు నుంచి హిందూ పేపరు మధ్యాహ్నానికి చేరేది. ముందు పెద్దవాళ్లు, వాళ్లు వదిలాక మేం. సంపాదకీయంలో తెలియని మాట కనబడితే జేబులో ఉన్న చీటీ మీద ఎక్కించుకోవాలి. ఒక్క మాట కాదు, అది ఉన్న వాక్యం మొత్తం. నిఘంటువు వెంటనే చూడకూడదు. ముందు ఊహించాలి. ఇంకోచోట కనబడేదాకా ఆగి, ఊహ సరిపోయిందో లేదో చూసుకోవాలి. మూడోసారికి గానీ కరణంగారి అరుగెక్కకూడదు. ఈ పద్ధతి చెబితే మా మనవడు పగలబడి నవ్వాడు. "మూడోసారి దాకా ఎందుకు తాతయ్యా, మొదటిసారే చూసేస్తే పోలా?" అన్నాడు. పోతుంది నాయనా. నేను చెప్పేదీ అదే. మొదటిసారే చూసేస్తే పోతుంది.

తర్వాత రోజుల్లో హిందూలోనే 'నో యువర్ ఇంగ్లిష్' అని ఒక శీర్షిక వచ్చేది. హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కోసం 1958లో పెట్టిన సంస్థ ఉంది కదా, అప్పట్లో సీఫెల్ అనేవాళ్లం, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు. అక్కడ పాఠాలు చెప్పిన కె. సుబ్రహ్మణ్యన్ గారు, ఆయన తర్వాత ఎస్. ఉపేంద్రన్ గారు దాన్ని నడిపారు. ఫలానా మాటకి అర్థమేమిటి, ఎలా వాడాలి, ఈ రెండు మాటలకీ తేడా ఏమిటి అని పాఠకులు అడిగేవారు. ప్రశ్న పక్కన అడిగినవారి పేరు, ఊరు పడేది. మన జిల్లా ఊరు కనబడితే మనమే అడిగినంత సంబరం. ఒక్క మాట కోసం ఉత్తరం రాసి, డబ్బాలో వేసి, జవాబు పడుతుందో పడదో తెలియక ఎదురుచూసిన మనిషి ఆ మాటని చచ్చినా మరిచిపోతాడా? నేను ఆ ముక్కలు కత్తిరించి నోటుబుక్కులో అతికించేవాణ్ణి. పాత పేపర్లవాడు కన్నాలు పడ్డ పేపర్లు ఎత్తిచూపి ధర తగ్గిస్తుంటే మా ఆవిడ నా వంక చూసే చూపుకి ఏ నిఘంటువులోనూ మాట లేదు.

రీడర్స్ డైజెస్ట్ కొత్తది కొనే తాహతు ఎవరికుంది? విజయవాడ లెనిన్ సెంటర్లోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పాత ప్రతులు ఏరుకునేవాళ్లం. అందులో 1945లో విల్‌ఫ్రెడ్ ఫంక్ మొదలుపెట్టిన వర్డ్ పవర్ పేజీ కోసం మొదట వెనక నుంచి ముందుకి తిప్పేవాళ్లం. ఒక్కో మాటకీ నాలుగేసి అర్థాలు, అందులో సరైనది ఎంచుకోవాలి, జవాబులు మరో పేజీలో. పాత పుస్తకం కదా, అంతకుముందు చదివిన మహానుభావుడు పెన్సిల్‌తో టిక్కులు పెట్టేసి ఉండేవాడు. అవి రబ్బరుతో చెరిపి, మచ్చ కనబడకుండా కళ్లు చికిలించుకుని మళ్లీ మొదలుపెట్టడం. నార్మన్ లూయిస్ 1949లో రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' కూడా అలా ఫుట్‌పాత్ మీద దొరికిందే. గ్రీకు, లాటిన్ ధాతువులు పట్టుకుని మాటల కుటుంబాలకి కుటుంబాలని కూర్చోబెట్టి పరిచయం చేసిన పుస్తకమది. అందులోనూ చదివి ఊరుకోనివ్వడు. ప్రతి నాలుగు పేజీలకీ పెన్సిలు తీయమంటాడు.

మా పిల్లల తరానికి వచ్చేసరికి అమెరికా పైచదువులకి రాసే జీఆర్‌ఈ పరీక్ష వచ్చింది. అక్కణ్ణించే పతనం మొదలని నా నమ్మకం. హిమాయత్‌నగర్లో, అమీర్‌పేటలో కోచింగులు, చంకలో బారన్స్ పుస్తకం, అందులో 3,500 మాటల జాబితా. అక్షర క్రమంలో బట్టీ. ఆ కాలంవాళ్లని ఇప్పుడు కదిపి చూడండి, 'ఏ' అక్షరం మాటలు పొల్లుపోకుండా అప్పజెబుతారు. ఎబేస్, ఎబాష్, ఎబేట్, ఎబెరంట్. 'ఎస్' దాకా చేరేలోపు పరీక్ష తేదీయో, వీసా ఇంటర్వ్యూయో, పెళ్లిచూపులో వచ్చిపడేవి. అందుకే అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఆ బ్యాచ్‌కి 'ఏ'లో ఉన్నంత పాండిత్యం ఇంకే అక్షరంలోనూ ఉండదు. పరీక్షలో ఆంటోనిమ్స్ అని ఉండేవి. వాక్యం లేదు, సందర్భం లేదు, ఒంటరిగా ఒక మాట, దాని వ్యతిరేకం గుర్తించు అంతే. 2011 ఆగస్టులో వాటినీ, ఎనాలజీల్నీ ఎత్తేసి, వాక్యాల్లో ఖాళీలు పూరించే ప్రశ్నలకి పెద్దపీట వేశారు. ఖాళీలో ఏ మాట పడుతుందో చుట్టూ ఉన్న వాక్యమే చెప్పాలన్నమాట. ఆ పరీక్ష పెట్టే అంత పెద్ద సంస్థ అన్నేళ్లకి చేరుకున్న చోటికి మా మాస్టారు సుద్దముక్క పట్టుకుని ఎప్పుడో చేరుకున్నారు. ఆయనకి రాయల్టీ రాలేదు, పెన్షనే సరిగ్గా రాలేదు.

ఇక ఇప్పటి సంగతి. మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు కుర్రాడు, మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒక ఫిర్యాదు పెట్టాడు. సెల్లార్లో జనరేటర్ 'నాయిసమ్'గా ఉందట, సెక్రటరీగారు తక్షణం చర్య తీసుకోవాలట. నేను కంగారుపడి కిందికి దిగాను. డీజిలు కారుతోందా, డ్రైనేజీ పొంగిందా అని చుట్టూ ముక్కు పెట్టి చూస్తుంటే ఆ కుర్రాడే లిఫ్టులోంచి వచ్చాడు.

"ఏం వెతుకుతున్నారంకుల్?"

"దుర్వాసన ఎక్కణ్ణించి బాబూ?"

"వాసన కాదంకుల్, చప్పుడు. నాయిసమ్ అని పెట్టాగా."

"నాయిసమ్ అంటే కంపు కొట్టేదని. చప్పుడుతో దానికి చుట్టరికం లేదు. 'ఎనాయ్' అన్న మాట వైపు బంధువు అది."

వెంటనే ఫోన్ తీశాడు. చూశాడు. "ఓహో, అవునంకుల్" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టేశాడు. మరి ఎందుకు వాడావయ్యా అంటే, "నాయిసీ మరీ మామూలుగా ఉంటుందని, కొంచెం స్టాండర్డ్‌గా ఉండాలని" అన్నాడు. చూశారా, ఫోన్ చేతిలోనే ఉంది. రాసేముందు చూడలేదు, నేనడిగాక చూశాడు. అర్థం అర సెకనులో దొరికే సౌకర్యం ఉన్నప్పుడు అవసరం వచ్చేదాకా ఎవరూ చూడరు. వచ్చేసరికి మెసేజీ డెబ్భై ఫ్లాట్లకి వెళ్లిపోయి ఉంటుంది.

2017లో శశి థరూర్ గారు ఒక ట్వీటులో 'ఫరాగో' అన్నారు. ఆ రోజు దేశం దేశమంతా నిఘంటువుల మీద పడింది. జోకులు, మీములు, టీవీ చర్చలు. నెల తిరిగాక మా వీధిలో కాలేజీ పిల్లల్ని అడిగాను, ఫరాగో అంటే ఏమిట్రా అని. "థరూర్ అంకుల్" అన్నారు ముక్తకంఠంతో. మాట పోయి మనిషి మిగిలాడు. లాటిన్‌లో ఆ మాటకి పశువులకి పెట్టే కలగలుపు మేత అని అర్థం. పాడి ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లలకి ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంక మరిచిపోయే ప్రసక్తే లేదు. చెప్పేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు, చూసేవాళ్లే అందరూ.

సరే, చూడటమైనా ఉండేది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ శ్రమా తప్పింది. 'డెల్వ్' అన్న మాట మా కాలంలో ఎప్పుడో ఒకసారి పెద్ద వ్యాసంలో కనబడేది. కనబడితే చీటీ మీద ఎక్కించుకునేవాళ్లం. ఇప్పుడు సెలవు చీటీలో డెల్వ్, ఉద్యోగం దరఖాస్తులో డెల్వ్, స్కూలు వార్షికోత్సవం ఉపన్యాసంలో డెల్వ్. ఈ మధ్య ఒక గృహప్రవేశం పిలుపు ఇంగ్లీషులో వచ్చింది. అందులో టేపెస్ట్రీ ఉంది, టెస్టమెంట్ ఉంది, భోజనాలు ఎన్నింటికో లేదు. రాసింది యంత్రం, సంతకం మనిషిది. ఆ మాటకి అర్థమేమిటని అడిగితే ఆ యంత్రాన్నే అడిగి చెబుతారు. మా కాలంలో గొప్పకి గొట్టు మాటలు విసిరేవాళ్లు లేరా అంటే, ఎందుకు లేరు? గురజాడ వారి గిరీశం 1897 నుంచీ మన మధ్యే ఉన్నాడు. కానీ గిరీశం తన డంబం తనే కొట్టుకున్నాడు, అద్దెకి తెచ్చుకోలేదు.

ఒక్క విషయంలో ఫోన్‌కి పూర్తి మార్కులు వేయాలి. ఉచ్చారణ. మా తరానికి అరుదైన మాటలన్నీ కంటితో వచ్చినవే, చెవితో వచ్చినవి కావు. 'ఎపిటమీ'ని 'ఎపిటోమ్' అంటూనే పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరర్లు ఊరికొకరు. 'హైపర్‌బలీ'ని 'హైపర్‌బోల్' అని చదివితే సరిదిద్దే నాథుడు లేడు. డేనియల్ జోన్స్ ఉచ్చారణ నిఘంటువు 1917 నుంచీ ఉంది గానీ అది మా కరణంగారి అరుగు దాకా రాలేదు. ఇప్పుడు చిన్న స్పీకరు బొమ్మ నొక్కితే బ్రిటిష్ గొంతుతో ఒకసారి, అమెరికన్ గొంతుతో ఒకసారి పలికి వినిపిస్తుంది. ఆ బొమ్మ మాత్రం మా రోజుల్లో ఉండాల్సింది.

అలాగని తరాన్నంతా ఒక గాటన కట్టను. అమెరికాలో మన పిల్లలు స్పెల్లింగ్ బీలో చేస్తున్నది చూడండి. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2018లో కార్తీక్ నెమ్మాని, 2024లో బృహత్ సోమ గెలిచారు. ఈ బృహత్ ఆఖరి రౌండులో 90 సెకన్లలో 29 మాటలకి అక్షరాలు తప్పు లేకుండా చెప్పాడు. నాకు అంత సేపట్లో కళ్లజోడు దొరకదు. ఈ పంటకి అక్కడ దుక్కి దున్నినవాళ్లలో చిట్టూరి రత్నం గారొకరు. ఆయన 1989లో నార్త్ సౌత్ ఫౌండేషన్ పెట్టింది ఇండియాలో పేద విద్యార్థులకి స్కాలర్‌షిప్పులివ్వడానికి. తర్వాత దాని కిందే అక్కడి మన పిల్లలకి ఊరూరా పోటీలు మొదలయ్యాయి.

అక్షరాలు బట్టీపట్టడం కూడా ఒక విద్యేనా అని పెదవి విరిచేవాళ్లున్నారు. వాళ్లు ఒక్కసారి ఆ పోటీ కూర్చుని చూడాలి. మాట చెప్పగానే పిల్లవాడు అక్షరాలు మొదలుపెట్టడు. అర్థమేమిటండీ అంటాడు. ఏ భాష నుంచి వచ్చిందండీ అంటాడు. ఇంకోలా కూడా పలుకుతారా అంటాడు. వాక్యంలో పెట్టి చెప్పండి అంటాడు. మా మాస్టారు చెప్పిన వాకబు ఇదే కదా, ఊరు, తాలూకు, రాకపోకలు! 2013 నుంచి అర్థాల ప్రశ్నలు కూడా పెట్టి, అక్షరాలొక్కటే చాలవని తేల్చారు. ఆ పిల్లల చేతుల్లోనూ ఫోన్లున్నాయి. వాళ్లింట్లోనూ చాట్‌జీపీటీ ఉంది. అయినా వాళ్లు అడుగుతున్నారు. అంచేత నేరం యంత్రానిది కాదు, అర్థంతో తృప్తిపడి వాక్యం దాకా వెళ్లని బద్ధకానిది. ఆ బద్ధకానికి మా కాలంలో చోటు దొరకలేదు, అంతే తేడా. కరణంగారింటి దాకా నడిచినవాడు ఉత్త అర్థంతో తిరిగొచ్చేవాడు కాదు, నడక గిట్టుబాటు కావద్దూ?

అందుకని మా గుమ్మంలో అడుగుపెట్టే పిల్లలకి ఒక నిబంధన పెట్టాను. ఎంత గొట్టు మాటైనా వాడుకోవచ్చు. వాడినవాళ్లు దాంతో సొంత వాక్యం చెప్పాలి, ఆ ఖాళీలో ఇంకో మాట పట్టకూడదు. చెప్పలేకపోతే తెలిసిన చిన్న మాటతోనే సరిపెట్టుకోవాలి, అందులో నామోషీ ఏమీ లేదు. ఈ నిబంధన పెట్టాక మా ఇంటికి రాకపోకలు కాస్త తగ్గిన మాట నిజమే.

ముసలాయనది చాదస్తం అంటున్నారని నాకు తెలుసు. అనండి. ఇంగ్లీషులో నాలాంటివాళ్లకి మంచి మంచి మాటలున్నాయి. పెడంట్ ఉంది, కర్మడ్జన్ ఉంది, ఫోగీ ఉంది. మూడూ ఒకటి కాదు. ఏది నాకు సరిగ్గా అతుకుతుందో తేల్చుకుని, వాక్యంలో పెట్టి మరీ తిట్టండి. వాక్యం కుదిరితే కాఫీ ఇప్పిస్తాను.